నాడె ఆగే చోటు

రెండు నేతచీరలు, వాటి మీదికి జాకెట్లు, తువ్వాలు, బీపీ మాత్రల అట్ట, పళ్ళపొడి, దువ్వెన, దారిలోకి పులిహోర డబ్బా, మద్రాసులో ఉన్న టీచర్ వాళ్ళ చెల్లెలికి పండుమిరప పచ్చడి సీసా. సీసా మూతకి ప్లాస్టిక్ కాగితం వేసి దారం నాలుగు చుట్లు చుట్టాను, అయినా నమ్మకం లేక పాత లంగాగుడ్డలో మూటగట్టాను, ఎర్రనూనె ఒక్క చుక్క కారినా తెల్లచీర మళ్ళీ కట్టుకోవడానికి పనికిరాదు. సామ్రాజ్యం టీచర్ సంచి నేను సర్దుతున్నాను. పది రోజుల ప్రయాణం. మూడున్నర బండి. రెండుంబావుకి సిలార్ ఆటో తెస్తానన్నాడు, చీరాల స్టేషను ఇక్కడికి పది నిమిషాలే గానీ రైలు గేటు పడితే అరగంట, ఆ మాట వాడికి పొద్దుట నుంచి మూడుసార్లు చెప్పాను. ఇప్పుడు ఒంటిగంటా పది. మృగశిర వచ్చి వారమైనా గాలి చల్లబడలేదు, ఫ్యాను తిరుగుతుంటే బల్ల మీద కాగితాలు లేస్తున్నాయి, వాటి మీద అప్పడాల కర్ర పెట్టాను. నేను రాసిన కాగితాలు. పిల్లలు పియానో మీద వాయించుకోవడానికి టీచర్ కట్టిన పన్నెండు పాటలు, నలభై ఒక్క పేజీ, నల్ల సిరాతో, అంతా నా చెయ్యి. మద్రాసులో ఒకాయన వాటిని చూసి కంప్యూటర్లో ఎక్కిస్తాడు, ఆ తర్వాత అచ్చవుతుంది. నలభై పేజీలకి నాదీ పూచీ, ఏ ఊళ్ళో ఎవరు చూసినా అడగాల్సిన పని ఉండదు. మిగిలిన ఒక్క పేజీలో, తొమ్మిదో పాట ఆఖరి వరసలో, ఒక గీత ఉంది. అది ఎక్కడ ఆగుతుందో టీచర్ నాకింకా చెప్పలేదు. గంట టైముంది. చెప్పించకుండా ఈ సంచి గడప దాటనివ్వను.

టీచర్ పియానో ముందు కూర్చుని ఉంది, వాయించడం లేదు, మూత మీద దుమ్ము చూపుడువేలితో తుడుస్తోంది. ఈ పియానో పొగాకు కంపెనీ దొరల క్లబ్బుది. దొరలు వెళ్ళిపోయినప్పుడు క్లబ్బు గుమాస్తాగా ఉన్న వాళ్ళ నాన్న దీన్ని కొని, వరిగడ్డి పరిచి రెండెద్దుల బండి మీద తెచ్చాడట, దారంతా గతుకులకి అది దానంతటదే మోగుతుంటే పేటలో జనం బయటికొచ్చి దణ్ణం పెట్టారట, ఏ దేవుడి ఊరేగింపో అనుకుని. నేను చూడలేదు, విన్నాను. నేను ఎదురింటికి వచ్చేసరికి టీచర్‌కి ఇరవైమంది పిల్లలు, సాయంత్రాలు సందంతా సరిగమలే, కాదు, వాళ్ళవి సి డి ఇ ఎఫ్. ఇప్పుడు ముగ్గురు. మిగతావాళ్ళని ఎంసెట్టుకని హాస్టళ్ళలో పడేశారు. నాకు పియానో వాయించడం రాదు, ఈ అరవైనాలుగేళ్ళలో ఒక్క మెట్టు నొక్కింది లేదు, దుమ్ము దులిపేటప్పుడు తప్ప. కానీ చదవడం వచ్చు. అక్షరాలు నూలు కట్టల మీద అంటించిన కాగితాలు చూసి నేర్చుకున్నాను, తర్వాత సినిమా పోస్టర్లు, తర్వాత లైబ్రరీ, వెంకటరావమ్మ వచ్చిందంటే పుస్తకాలు సర్దుకోవాల్సిందే అని లైబ్రరీ ఆయన వేళాకోళం చేసేవాడు. అయిదు గీతల మీద స్వరాలు రాసే ఈ భాష కూడా అలాగే, చూసి చూసి. పనికొచ్చింది మాత్రం చదువు కాదు, గళ్ళకాగితం. చీర అంచుకి బొమ్మలు రాసేదాన్ని నేను, చిలకలూ మామిడిపిందెలూ గుళ్ళ గోపురాలూ, గడికొక పోగు, రంగు వేసిన గడికి పోగు లేస్తుంది, వెయ్యని గడికి లేవదు. నేను ఒక్క గడి తప్పితే మగ్గం మీద ఆరుగజాల పొడుగునా చిలకకి ముక్కుండదు. ఆ భయంతోనే నలభై ఏళ్ళు రాశాను. భయపడేవాళ్ళ చెయ్యే నిలకడగా ఉంటుంది, ఇది నేను ఎవరితోనైనా పందెం కాస్తాను. టీచర్‌కి అది తెలుసు కాబట్టే పిల్లల నోటు పుస్తకాలు నాకిచ్చింది, అక్కా నీ చేతిరాత ఇవ్వవా అని, కళ్ళు మసకలేసినప్పటినుంచి ఆవిడ గిలికిందంతా నేనే సాపు రాస్తున్నాను.

మొదటిసారి నన్ను బోల్తా కొట్టించింది కూడా ఇలాంటి గీతే. గ్లిస్సాండో అంటారు, టీచర్ గ్లిస్ అని ఊరుకుంటుంది. పైకి పోతే నడిమివేలి గోరు, కిందికి దిగితే బొటనవేలి గోరు, మెట్ల మీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఊపున లాగేయడం, బస్తా మూతి విప్పగానే మిరపకాయలు కళ్ళంలోకి జారినట్టు మోత. వీణ మీద జారు అంటారే, అది కాదు. వీణ మీద వేలు తీగ వదలదు, నడుమ ఎక్కడా విరుపు లేదు. పియానో మీద ఎంత జారినా మెట్లు మెట్లే, ఒక్కో మెట్టూ మోగి తీరుతుంది. అది నాకు వెంటనే ఎక్కింది. గళ్ళకాగితం మీద ఏటవాలు గీత ఉండదుగా, దూరం నుంచి చూస్తే గోపురం అంచు వాలుగా ఉంటుంది, దగ్గరికెళ్తే అన్నీ మెట్లే, రెండు గడులు పక్కకి, ఒక గడి పైకి. కాబట్టి టీచర్ కాగితంలో ఒక స్వరం దగ్గర్నుంచి ఇంకో స్వరానికి అడ్డంగా గీత కనపడగానే, పాపం టైము లేక గీత కొట్టింది, నేను పూర్తి చేస్తానని, నడుమ ఉన్న పదమూడు మెట్లకీ పదమూడు స్వరాలు పెట్టాను. గడి వదిలేస్తే గుడ్డకి కన్నం కదా. ముత్యాల్లా పెట్టాను. ప్లీడరుగారమ్మాయి శిల్పకి ఆ కాగితం వెళ్ళింది. పదేళ్ళ పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేసే రకం, పదమూడు స్వరాలకీ వేళ్ళ లెక్క వేసుకుని, ఒక్కొక్కటీ రోట్లో కారం దంచినట్టు దంచింది. మూడోరోజు ఏడుస్తూ వచ్చింది. "ఇదెవరు రాశారండీ, నా వేళ్ళు చాలట్లేదు." టీచర్ కాగితం చూసి, నావైపు చూసి, కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "అక్కా, చీర నేశావే" అంది. నాకు రోషం వచ్చింది. ఈసారి నడుమ స్వరాలన్నీ తీసేసి ఉత్త గీత గీశాను, మొదలూ చివరా కూడా పెట్టకుండా, ఊరికే వాలుగా. శిల్ప ఒకరోజు ఇక్కడ ఆపింది, ఒకరోజు అక్కడ ఆపింది, ఒకరోజు పియానో అంచు దాకా వెళ్ళి కర్రకి కొట్టుకుని గోరు విరగ్గొట్టుకుంది. నవ్వు టీచర్‌కి ఆగిపోయింది, నాకూ పట్టుదల మొదలైంది.

ఆ పట్టుదల మీద నెల కూర్చున్నాను. టీచర్ దగ్గరున్న పాత అచ్చు పుస్తకాలన్నీ, దొరసానుల పేర్లున్నవి, చెదలు తిన్నవి, తిరగేశాను. ఎవరికి వాళ్ళే రాశారు. ఒకడు మెలికల గీత, ఒకడు తిన్నటి గీత, ఒకడు గీతని స్వరం నెత్తిన పొడిచేశాడు. నేను నాకు తోచిన పద్ధతి పెట్టుకున్నాను, ఇప్పటికీ అదే. బయల్దేరే స్వరం, గుండ్రటి తలా నిలువు కాడా, నిండుగా రాయాలి, దానికెంత కాలముందో కనపడాలి. గీత దాని పక్కనుంచి మొదలవ్వాలి, తగలకూడదు, వెంట్రుకవాసి వదలాలి. తిన్నగా పోవాలి, స్కేలు పెట్టి. గీత వాలునే ఆనించి గ్లిస్ అని రాయాలి, మరీ చిన్న గీతైతే మానేయొచ్చు, చోటు లేనిచోట ఇరికిస్తే గజిబిజి. తెల్లమెట్లా నల్లమెట్లా అన్నది చెప్పాలి, ఎందుకంటే పాట మొదట్లో షార్పులు, అంటే నల్లమెట్టు వాయించమనే గుర్తులు, ఎన్నున్నా గోరు తెల్లమెట్ల మీద పోతుంటే వాటిని లెక్కచెయ్యదు, చెప్పకపోతే బుద్ధిగల పిల్ల షార్పుల కోసం వెతుక్కుంటూ ఆగిపోతుంది. రెండు దెబ్బల కాలం పాటు జారాలంటే నడుమ తల లేని కాడలు నిలబెట్టాలి, దెబ్బ ఇక్కడ పడుతుందని. కుడిచేతి గీతల్లోంచి ఎడమచేతి గీతల్లోకి దిగితే నడుమ ఖాళీలో కూడా గీత తెగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చివర. ఎక్కడ ఆగాలి, ఆ మెట్టుని కొట్టాలా, ఊరికే తాకాలా. కొట్టాలంటే పెద్ద తల, దెబ్బ మీద, కాడతో. తాకాలంటే చిన్న తల, కాడ లేకుండా, పాట గడులని విడదీసే అడ్డగీతకి ఇవతలే. ఇంతకు మించి ఒక్కటి ఎక్కువ రాసినా తప్పే, తగ్గించినా తప్పే. మద్రాసు ఆయన కాదు, లండన్ వాడు వచ్చినా నా పేజీ చూసి టక్కున గోరు తిప్పుతాడు. ఇది గొప్ప కాదు, పని.

దువ్వెన సంచి అడుక్కి జారిపోయింది. తీద్దామని చెయ్యి పెడితే గట్టిగా, చల్లగా తగిలింది. గుడ్డ విప్పి చూశాను. పియానో తీగలు బిగించే ఇనప తాళం. దాని కింద వాళ్ళమ్మ ఫొటో, అద్దంతో సహా. తలెత్తి చూస్తే గోడ మీద పలకంత మేర సున్నం తెల్లగా ఉంది, పొద్దుట నుంచి ఈ గదిలోనే ఉన్నాను, చూడలేదు. పియానో ఇక్కడుంటే తాళం మద్రాసుకెందుకు, పది రోజులకి ఫొటో ఎందుకు. ఫొటో పగలకుండా అటూ ఇటూ చీరలు పెట్టాను, తువ్వాలు కప్పాను, పైన పులిహోర డబ్బా పెట్టాను. చేతులు వాటి పని అవి చేస్తాయి. మా అమ్మ ప్రత్తిపాడు నుంచి నన్ను చీరాల్లో మా పెద్దమ్మ దగ్గర దించినప్పుడు నా బట్టలు ఒక మాసిన సంచిలో ఉన్నాయి, మగ్గాలు నడవక నేతవాళ్ళంతా పొలంపనులకి పోతున్న రోజులు, "పత్తి తీతలు అయ్యాక వస్తా" అంది. ఏడేళ్ళదాన్ని, ఏ యేటి పత్తో అడగడం తెలియదు. మొదటి ఏడు పత్తి బళ్ళు రోడ్డు మీద పోతుంటే వెనక నడిచేదాన్ని. రెండో ఏడు గుమ్మంలో నిలబడ్డాను. మూడో ఏడు పెద్దమ్మ నన్ను లోపలికి పిలిచి, తలకి నూనె రాస్తూ, ఇక చూడకు అంది. అంతే చెప్పింది. నూనె చెవిలోకి కారడం గుర్తు. మా ఆయన చెంచయ్య గుంటూరు ఆస్పత్రికి తనే నడిచి బస్సెక్కాడు, ఎల్లుండికి వస్తానన్నాడు, తువ్వాలు ఒకటి చాలు రెండెందుకని నాతో పోట్లాడి ఒకటి తీసి నా మీదికి విసిరాడు, అది నా భుజాన ఉండగానే బస్సు కదిలింది. అందుకని ఎవరు ఊరెళ్తున్నా నేనే సంచి సర్దుతాను. సర్దడం నాకు బాగా వచ్చు. అడగడమే రాదు. గీతల సంగతైతే ఎంతైనా అడుగుతాను, ఎవరినైనా నిలబెట్టి అడుగుతాను.

"టీచరమ్మా, తొమ్మిదోది."

"వదిలెయ్యక్కా, బానే ఉంది."

తొమ్మిదో పాట పేరు నాడె, మగ్గంలో పేకనూలు మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తేది. మా ఇంటివైపు కిటికీ తీసి కూర్చుని కట్టింది దాన్ని, అప్పట్లో మా పక్కింట్లో మగ్గం ఆడుతుండేది. ఎడమచెయ్యి మగ్గం దెబ్బ, టక్కు టక్కున, కుడిచేతి గోరు నాడె, పడుగు పోగుల నడుమ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, తొమ్మిదిసార్లు. ఎనిమిదీ నాకు కంఠతా వచ్చు. తొమ్మిదోది పైనుంచి బయల్దేరి కిందికి దిగుతూ దిగుతూ టీచర్ పెన్సిలు గీత కాగితం అంచు దాకా పోయి సన్నబడి మాయమైంది. నేనలా రాయలేను.

"బాలేదండీ. ఇది ఎక్కడ ఆగుతుంది?"

"ఎక్కడా ఆగదు. కావాలనే అలా వదిలాను. ఆఖరిసారి నాడె ఎటు పోయిందో వినేవాళ్ళు అనుకుంటారు."

"నాడె గాల్లో ఉండిపోదు టీచరమ్మా. మగ్గం పక్క పెట్టెలోనన్నా ఉంటుంది, నేల మీదన్నా ఉంటుంది, లేకపోతే నేసేవాడి కంట్లోనన్నా ఉంటుంది."

"నీకు మగ్గం తప్ప సంగీతం పట్టదు."

"మీకు సంగీతం తప్ప పిల్లలు పట్టరు. ఆ పిల్ల గోరు విరగ్గొట్టుకున్నది మర్చిపోయారు."

ఆవిడ నవ్వింది గానీ వెనక్కి తిరగలేదు. అచ్చేసే ఆయన పక్కనే కూర్చుంటాగా, నోటితో చెప్తాలే అంది. పుస్తకం కొన్న ప్రతి పిల్ల పక్కనా కూర్చుంటారా అన్నాను. కూర్చోరుగా. రాసినదే కూర్చుంటుంది. ఫ్యాను చప్పుడు. గడియారం ఒకటీ నలభై. బయట ఎవరో మరమగ్గం పట్టీ సరిచేస్తున్నారు, ఆడుతుంది ఆగుతుంది, ఆడుతుంది ఆగుతుంది. తాళం సంగతి అడగొచ్చు, గోడ మీద తెల్లమచ్చ సంగతి అడగొచ్చు, ముప్పై ఏళ్ళు ఎదురెదురు గుమ్మాల్లో బతికినదాన్ని, నాకు హక్కుంది, టీచరమ్మా మళ్ళీ వస్తారా అని అయిదు మాటలు కూడా పట్టవు. నాలుక చివర ఉంది. అడిగితే ఆవిడ వస్తానంటుంది. అందరూ అదే అంటారు. ఆ మాట తీసుకుని నేను మళ్ళీ గుమ్మంలో నిలబడాలి, ఎన్నేళ్ళు నిలబడాలో తెలియకుండా. దానికంటే ఈ గీత నయం, దీనికి జవాబు ఉంది, ఆవిడ వేలి చివర ఉంది, అది రాబట్టగలను.

"ఎక్కడ ఆగుతుందండీ," అన్నాను మళ్ళీ, కలం సిరాలో ముంచి పట్టుకుని.

ఇప్పుడు తిరిగింది. కాగితం వైపు కాదు, సంచి వైపు చూసింది. మూతి బిగించి కట్టిన ముడి చూసింది. నాకు తెలిసిందని ఆవిడకి తెలిసింది, అంత మాత్రం తెలియకుండా ఎలా ఉంటుంది. "నువ్వేమనుకుంటున్నావక్కా?" అంది, మెల్లిగా.

"నేననుకునేది రాయనండీ. మీరు చెప్పేదే రాస్తాను."

ఆవిడ పియానో వైపు తిరిగింది. బొటనవేలి గోరుతో పైనుంచి లాగింది, ఇష్టం లేనట్టు, సగంలో ఆపేసింది. ఇంకోసారి లాగింది, ఈసారి చివరిదాకా పోయింది, కింది మెట్లు రెండు చెదలు తిన్నవి, చెక్క చప్పుడే వచ్చింది. అది కాదంది తనే. మూడోసారి నెమ్మదిగా లాగింది, గోరు ఒక్కో మెట్టూ దిగుతుంటే నాకు లెక్క తెలుస్తోంది, మధ్య సి దాటింది, ఎడమచేతి గీతల్లోకి వచ్చింది, బి, ఎ, జి, ఎఫ్, ఇ. ఆగింది. వేలు అక్కడే ఉంచింది. మోత పూర్తిగా పోయేదాకా ఇద్దరం కదల్లేదు.

"ఇక్కడ."

"ఇ. మధ్య సి కింది ఇ. కొట్టాలా, తాకాలా?"

"కొట్టొద్దు. వేలు వచ్చి ఆగుతుంది, అంతే."

"ఏ దెబ్బ లోపల?"

"నాలుగో దెబ్బ. తర్వాతి గడి ఖాళీగా ఉంచు. ఎంతసేపు వాళ్ళ ఇష్టమైతే అంతసేపు."

రాశాను. పైనుంచి నిండు తల, గీత వెంట్రుకవాసి వదిలి మొదలు, స్కేలు ఆనించి ఒక్క లాగులో, పై అయిదు గీతలు దాటి ఖాళీ దాటి కింది అయిదు గీతల్లోకి, కలం ఎక్కడా ఎత్తలేదు. కాడలు మూడు. వాలున గ్లిస్. పైన తెల్లమెట్లు. చివర ఇ దగ్గర చిన్న తల, కాడ లేదు, అడ్డగీతకి ఇవతల. తర్వాతి గడిలో విశ్రాంతి గుర్తు, దాని మీద ఇష్టమైనంతసేపు ఆగమని చుక్కా కమానూ. మరక పడలేదు. ఊదుతుంటే సిరా మెరుపు పోయి నల్లబడింది. టీచర్ కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ దగ్గరగా పట్టుకుని చూసింది, గీత వెంట వేలు నడిపింది, నేను రాసిన చోటే వేలు ఆపింది. "ఇంక నన్నెవరూ అడగక్కర్లేదు," అంది. అది పొగడ్త. అలాగే తీసుకున్నాను.

నలభై ఒక్క పేజీ అట్టల మధ్య పెట్టి నాడాతో కట్టాను. సిలార్ పదినిమిషాలు ముందే వచ్చాడు, సంచి ఎత్తి చూసి, "ఏం టీచరమ్మా, పది రోజులకి ఇంత బరువా, పియానో గానీ ముక్కలు చేసి పెట్టారా?" అన్నాడు. "పచ్చడిరా," అన్నాను నేను, "తల మీద పోస్తా, నెమ్మదిగా పెట్టు." అట్టల కట్ట టీచర్ ఒళ్ళో పెట్టాను, ఆటోలో కింద పెట్టొద్దని చెప్పాను, రైల్లో కూడా ఒళ్ళోనే అని చెప్పాను. నీళ్ళ సీసా ఇచ్చాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది, వేళ్ళ గోళ్ళు పొట్టిగా, ఇన్నేళ్ళ జారుళ్ళకి చివరలు అరిగి. "వెళ్ళొస్తానక్కా," అంది. "పదండి, గేటు పడుతుంది," అన్నాను.

పుస్తకం డిసెంబరులో రిజిస్టరు పోస్టులో వచ్చింది. తొమ్మిదో పాట ముప్పై మూడో పేజీలో ఉంది, గీత ఇ దగ్గర ఆగింది, చిన్న తల, కాడ లేకుండా. రెండేళ్ళ తర్వాత గుంటూరు నుంచి లక్ష్మీదుర్గ అని ఎవరో పియానో టీచరు, నాకూ సామ్రాజ్యం టీచర్‌కీ కూడా ముక్కూమొహం తెలియని మనిషి, పుస్తకం మీద ఉన్న టీచర్ ఇంటి అడ్రసుకి కార్డు రాసింది: ఆరుగురు పిల్లలకి నాడె ఇచ్చానండీ, ఆరుగురూ ఒకే మెట్టు మీద ఆగారు, ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు. పోస్టుమాన్ ఆ ఇంటికి తాళం వేసి ఉండటం చూసి కార్డు నాకిచ్చాడు.

సామ్రాజ్యం టీచర్ చీరాల తిరిగి రాలేదు. ఆవిడ వెళ్ళింది 1999 జూన్ 14, సోమవారం, మధ్యాహ్నం మూడున్నర బండికి.